ఫిర్యాదు చేసిన తరువాత

మన పెద్దలు తరచుగా వాడెడి సామెత యొకటి కలదు: కడుపు చించుకొన్న కాళ్ళపై పడును అని. ఇంటిగుట్టు వీధిలో పెట్టుకొనరాదని హెచ్చరించుటకు పుట్టిన మాట అది. కాని ఇటీవలికాలమున ఈ సామెతను మేము ఇండ్లలోకంటె కార్యాలయములలోనే ఎక్కువగా వినుచున్నాము. పైయధికారి తనతో అసభ్యముగా ప్రవర్తించినాడని ఒక ఉద్యోగిని తోటివారితో చెప్పుకొన్నప్పుడు, ఆమె మేలుకోరువారు మొట్టమొదట చెప్పెడి సలహా ఇదియే. వారు ఆమె మాటను నమ్మక ఇట్లు చెప్పుట లేదు; నమ్మియే చెప్పుచున్నారు. జరిగినది నిజమని ఎరిగియుండియు, ఆ నిజమును కాగితముపై పెట్టినచో నష్టపోవునది ఆమెయే యని వారికి తోచుచున్నది. ఈ భయము ఉత్త భ్రమయని కొట్టివేయుటకు మాకు మనసొప్పకున్నది. అది అనుభవమునుండి పుట్టిన భయము.

పనిచేయుచోట స్త్రీలకు జరుగు లైంగిక వేధింపును నివారించుటకై చట్టమున్నదని శ్రోతలలో చాలమంది వినియే యుందురు. వేధింపు తప్పా, కాదా అనునది నేటి మా ప్రసంగ విషయము కాదు. అందు చర్చకు తావులేదు. ఫిర్యాదు వ్రాసి ఇచ్చిన మరునాటి ఉదయమునుండి ఆ స్త్రీ ఉద్యోగమునకు ఏమగును, ఆ నెల జీతము ఇంటికి చేరునా, చేరకున్న ఎవరిని అడుగవలెను అనునదే మేము చెప్పదలచిన సంగతి.

మొదట మా స్వానుభవము నొకదానిని చెప్పుకొనవలసియున్నది. అది మాకు గౌరవము తెచ్చునది కాదు. 2011వ సంవత్సరమున మేము పనిచేయుచుండిన ఒక కార్యాలయమున, నెలకు ఇన్ని పూటలని లెక్కకట్టి పిలిపించెడి యువతి యొకతె ఉండెను. చక్కని గొంతు. ళకార లకారములను వేరుగా పలుకగలవారు అరుదగుచున్న దినములలో ఆమె పలుకు వినుట మాకొక సంతోషము. ఆమెను ఒక సీనియరు ఉద్యోగి రాత్రిపూట పని ముగిసిన తరువాత నిలువరించి ఇబ్బందిపెట్టుచుండెను. ఆమె కొన్ని వారములు ఓర్చుకొని, తుదకు ఒక తెల్లకాగితముపై విషయమంతయు వ్రాసి పైవారికి ఇచ్చెను. విచారణ జరుగలేదు. ఆమెను ఎవ్వరును ఒక్క పరుషవాక్యమైన పలుకలేదు. తొలగించుచున్నామని ఉత్తరువు రాలేదు. మరుసటి నెల పనిపట్టికలో ఆమె పేరు ఆరు పూటలకు బదులు రెండు పూటలకు వచ్చెను. ఆపై నెల ఒక పూట. ఆ తరువాత పేరే లేదు. ఆ పట్టికను తన చేతితో వ్రాసినవారము మేము. “ఈ నెల కొత్తవాళ్ళకి అవకాశమిద్దాం” అని పైనుండి మాట వచ్చినది, మేము వ్రాసితిమి. ఎందుకని అడుగలేదు.

ఉద్యోగమునుండి తొలగించుట అనగానే మనకు ముద్రవేసిన ఉత్తరువు, సంతకము, తేదీ కన్నులకు కట్టును. నిజమునకు అట్టి తొలగింపు అరుదు. పూటలెక్కన పనిచేయువారికి పూటలు తగ్గును. కాంట్రాక్టుపై నున్నవారికి గడువు ముగిసిన తరువాత పొడిగింపు రాదు. ప్రొబేషనులో నున్నవారికి పనితనము తృప్తికరముగా లేదని చెప్పుదురు. స్థిరమైన ఉద్యోగులను దూరప్రాంతమునకు బదిలీ చేయుదురు, లేదా పనియేమియు ఇయ్యక బల్లముందు ఊరక కూర్చుండబెట్టుదురు. మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతపు సాఫ్టువేరు సంస్థలలో మరియొక పద్ధతి వినవచ్చుచున్నది. ఉద్యోగినిని ఒక గదిలోనికి పిలిచి, ఆమె తానే రాజీనామా ఇచ్చినచో రిలీవింగు లెటరులో చెడుమాట లేకుండ వ్రాసెదమనియు, ఈయనిచో రేపు మరియొక సంస్థవారు విచారించినప్పుడు ఏమి చెప్పవలసివచ్చునో ఆలోచించుకొమ్మనియు మెత్తగా చెప్పుదురు. అరగంటలో రాజీనామా చేతికి వచ్చును. పైకి చూచిన ఎవరును ఎవరిని తొలగింపలేదు.

ఈ విషయమున మన దేశపు న్యాయచరిత్ర రాజస్థానములోని భటేరీ అను చిన్న గ్రామమునుండి మొదలగుచున్నది. అచ్చటి ప్రభుత్వపు మహిళాభివృద్ధి పథకమున సాథిన్ అను పేరుతో పనిచేయుచుండిన ఒక గ్రామీణ మహిళ, తన విధినిర్వహణలో భాగముగా ఒక పసిబిడ్డ వివాహమును ఆపుటకు ప్రయత్నించెను. అందులకు పగబట్టి 1992లో ఆమెపై సామూహిక అత్యాచారము జరిపిరి. 1995లో క్రింది కోర్టు నిందితులను అత్యాచార నేరమునుండి విడిచిపెట్టెను. ఆమెకు ఆ ఆపద వచ్చినది ఆమె చేసిన ఉద్యోగమువలన. కాని ఆ ఉద్యోగమిచ్చినవారికి ఆమె రక్షణ విషయమున బాధ్యత యున్నదని చెప్పెడి చట్టము దేశమున లేకుండెను. స్త్రీసంఘములు కొన్ని ఈ లోపమును సుప్రీంకోర్టు ముందు పెట్టగా, 1997 ఆగస్టు 13వ తేదీన ప్రధాన న్యాయమూర్తి జె. ఎస్. వర్మ, న్యాయమూర్తులు సుజాతా మనోహర్, బి. ఎన్. కిర్పాల్ గారలు విశాఖ తీర్పును వెలువరించిరి. విశాఖయనగా మన విశాఖపట్టణము కాదు. కోర్టుకు వెళ్ళిన సంఘములలో ఒకదాని పేరది. చట్టము వచ్చువరకు ప్రతి కార్యాలయమును పాటింపవలసిన నియమములను ఆ తీర్పున పొందుపరచిరి. వానిలో మా నేటి విషయమునకు ముఖ్యమైనది ఒకటున్నది. ఫిర్యాదు చేసిన స్త్రీగాని, సాక్ష్యము చెప్పినవారుగాని ఆ కారణమున వేధింపులకు, వివక్షకు గురికాకుండ చూడవలెననియు, నిందితుని బదిలీయో తన బదిలీయో కోరుకొను హక్కు ఆమెకుండవలెననియు ఆ నియమము. సాక్షులను కూడ ఎన్నుట గమనింపదగినది. మా 2011 నాటి కార్యాలయమున ఈ నియమములు అమలులోనే యుండవలసినవి. వానిని గోడపై చూచిన జ్ఞాపకము మాత్రము మాకు లేదు.

చట్టము రావలసినది పదునారేండ్లు ఆలస్యముగా వచ్చెను. 2013 ఏప్రిలులో రాష్ట్రపతి ఆమోదము పొంది, ఆ సంవత్సరమే డిసెంబరు 9వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. పదిమందియో అంతకు మించియో పనిచేయు ప్రతిచోట అంతర్గత కమిటీ యుండవలెను. దానికి సీనియరు ఉద్యోగిని అధ్యక్షత వహింపవలెను. సభ్యులలో కనీసము సగముమంది స్త్రీలై యుండవలెను. ఒకరు బయటివారు కావలెను. కమిటీ నేర్పరచని యజమానికి 50,000 రూపాయలవరకు జరిమానా. స్థిరోద్యోగిని, తాత్కాలికురాలు, దినకూలి, కాంట్రాక్టు ఉద్యోగిని, శిక్షణ పొందుచున్నది, జీతము లేక పనిచేయునది, అందరును ఈ చట్టము క్రిందికి వత్తురు. పూటలెక్కన వచ్చెడి మా యువతియు వచ్చియుండెడిదే.

ఇప్పటి ఉద్యోగమునకుగాని, రాబోవు అవకాశములకుగాని హాని కలిగింతునని పైకి చెప్పియో, చెప్పకయో బెదరించుటను కూడ ఈ చట్టపు మూడవ సెక్షను వేధింపు లక్షణములలో చేర్చినది. వేధింపునకు తోడుగా అట్టి బెదరింపు నడచినచో అదియు కమిటీ పరిశీలింపవలసిన విషయమే. అయినను మా అభిప్రాయమున ఈ చట్టమునందొక పెద్ద లోపము మిగిలిపోయినది. ఫిర్యాదు చేసినందులకు పగతీర్చుకొనరాదని విశాఖ తీర్పు ఒక్క వాక్యమున చెప్పిన మాటను చట్టము వేరుగా ఒక సెక్షనుగా వ్రాయలేదు. పగతీర్చుకొన్న యజమానికి ఇంత శిక్షయని నిర్ణయింపలేదు. విచారణ ఎట్లు జరుగవలెనో పుటలకొలది చెప్పి, విచారణ ముగిసిన మరునాటి సంగతి చెప్పకుండుట ఇల్లు కట్టి తలుపు పెట్టకుండుట వంటిది.

అట్లని చేతిలో ఆయుధములే లేవని అనుకొనరాదు. విచారణ జరుగుచున్న కాలమున, ఫిర్యాదుదారు వ్రాతపూర్వకముగా కోరినచో, ఆమెనో నిందితునో వేరుచోటికి మార్చుమని కమిటీ సిఫారసు చేయవచ్చును. ఆమెకు మామూలు సెలవులు కాక మూడు నెలలవరకు అదనపు సెలవు ఇప్పింపవచ్చును. ఇందు శ్రోతలు గమనింపవలసిన సూక్ష్మమొకటి కలదు. కోరవలసినది ఆమె. ఆమె కోరకుండ, ఆమె క్షేమము కొరకే యని చెప్పి ఆమెనే బదిలీ చేయుట ఈ సెక్షనుయొక్క ఉద్దేశము కాదు. ఇంకొక నియమము అంతకంటె ఉపయోగకరమైనది, అంతకంటె తక్కువమందికి తెలిసినది: నిందితుడు ఆమె పనితనమునుగురించి నివేదిక వ్రాయకుండ ఆపి, ఆ పనిని మరియొక అధికారికి అప్పగింపుమని కమిటీ చెప్పవచ్చును. వేధించినవాని చేతిలోనే ఏడాది చివర మార్కులు వేయు కలముండుట ఎంత ప్రమాదమో ఉద్యోగము చేసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

కేంద్రప్రభుత్వోద్యోగినులకు మరికొంత రక్షణ కలదు. 2016 డిసెంబరులో వెలువడిన ఉత్తరువు ప్రకారము, ఆరోపణ రుజువైన సందర్భములలో తీర్పు వచ్చిన పిదప ఐదేండ్లపాటు ఆ స్త్రీపై కక్షసాధింపు జరుగకుండ కనిపెట్టియుండవలెను. నిందితుని క్రింద ఆమెను నియమింపరాదు. ఐదేండ్లని పెట్టినవారెవరో మనుష్యస్వభావము నెరిగినవారు. కక్ష వెంటనే తీర్చుకొనెడి అధికారి తెలివితక్కువవాడు. ఓపికగలవాడు రెండేండ్లు ఆగి, పదోన్నతి పట్టిక వచ్చినప్పుడు చేయి చూపును.

కక్షసాధింపు బదిలీని కోర్టు రద్దుచేసిన ఉదాహరణ యొకటి చెప్పెదము. ఇండోరులోని ఒక ప్రభుత్వరంగ బ్యాంకు శాఖలో చీఫ్ మేనేజరుగా నుండిన మహిళ, అచ్చటి లెక్కలలో అక్రమములు జరుగుచున్నవని పైవారికి నివేదికలు వ్రాసెను. 2017 డిసెంబరులో ఆమెను జబల్పూరు జిల్లాలోని సరసావా అను చిన్న శాఖకు బదిలీచేసిరి. ఆమె నాల్గవ శ్రేణి అధికారిణి. ఆ శాఖ సాధారణముగా మొదటి శ్రేణి అధికారికి ఇచ్చునది. తనపై లైంగిక వేధింపు జరిగినదనియు ఆమె ఫిర్యాదు చేసెను. దానిని విచారించిన కమిటీలో బయటి సభ్యురాలుగా కూర్చున్నది ఎవరో తెలిసినచో శ్రోతలు ఆశ్చర్యపడుదురు. ఆ బ్యాంకు తరఫున వ్యాజ్యములు చూచెడి న్యాయవాదియే. హైకోర్టు బదిలీని రద్దుచేయగా బ్యాంకువారు సుప్రీంకోర్టువరకు వెళ్ళిరి. 2020 ఫిబ్రవరి 25వ తేదీన ఆ కోర్టు, ఆమె కక్షసాధింపునకు గురియైనదని తేల్చి, ఆమెను తిరిగి ఇండోరుననే నాల్గవ శ్రేణి అధికారిణిగా ఒక సంవత్సరముపాటు నియమింపుమని ఆదేశించి, ఖర్చులక్రింద 50,000 రూపాయలు ఇప్పించెను. బదిలీ యజమాని అధికారమే యైనను, దానిని నోరు మూయించుటకు వాడరాదని ఈ తీర్పువలన స్పష్టమైనది. రెండేండ్లకు పైగా ఆమె పోరాడవలసివచ్చెననునదియు మరువరాదు. చీఫ్ మేనేజరు కాబట్టి పోరాడగలిగినది.

ఇక కాలపరిమితి సంగతి. ఘటన జరిగిన మూడునెలలలోపల ఫిర్యాదు చేయవలెను; పలుమారులు జరిగియున్నచో కడపటి ఘటననుండి లెక్క. తగిన కారణమున్నచో కమిటీ మరి మూడునెలలు పొడిగింపవచ్చును. ఆపైన తలుపు మూసినట్లే. ఈ లెక్క ఎంత కఠినమో 2025 సెప్టెంబరులో తేలినది. ఒక న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయపు అధ్యాపకురాలు తనపై 2023 ఏప్రిలువరకు వేధింపు జరిగినదని చెప్పి, ఆ సంవత్సరము డిసెంబరులో ఫిర్యాదు చేసెను. నడుమ ఆగస్టు నెలలో ఆమెను ఒక పదవినుండి తొలగించిరి. అదియు వేధింపులో భాగమేననియు, కాలమును అచ్చటినుండి లెక్కింపవలెననియు ఆమె వాదము. ఆ తొలగింపు పరిపాలనకు సంబంధించిన చర్యయే గాని లైంగిక వేధింపునకు కొనసాగింపు కాదని సుప్రీంకోర్టు నిర్ణయించి, ఫిర్యాదు గడువు మీరినదని తేల్చెను. అయినను ఆ తీర్పు ప్రతివాది జీవితవివరములలో ఒక భాగముగా ఉండవలెనని ఆదేశించుట విశేషము. దీనినిబట్టి శ్రోతలు గ్రహింపవలసినదేమనగా, పగతీర్చుకొనుట జరుగువరకు వేచియుండి రెంటిని కలిపి ఫిర్యాదు చేసెదమనుకొనుట ప్రమాదకరము. ఉద్యోగము పోవునేమో యని ఆగి చూచినవారికి ఒక్కొక్కప్పుడు ఉద్యోగమును పోవును, గడువును పోవును.

ఫిర్యాదు రుజువు కాకపోయినచో తిరిగి తమకే శిక్ష పడునని పలువురు భయపడుచున్నారు. దుర్బుద్ధితో అబద్ధపు ఫిర్యాదు చేసినవారిపై చర్య తీసికొనవచ్చునని పదునాల్గవ సెక్షనులో ఉన్నమాట నిజము. కాని రుజువు చేయలేకపోయినంత మాత్రమున అది అబద్ధము కాదని అదే సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. దుర్బుద్ధి యుండెనని వేరుగా విచారణ జరిపి నిర్ణయింపవలెను. నాలుగు గోడలనడుమ జరిగినదానికి సాక్షులు దొరకరు. చట్టము వ్రాసినవారు ఈపాటి ఎరుగుదురు. కొన్ని కార్యాలయములలో ఈ సెక్షనుయొక్క మొదటి సగమును మాత్రమే గోడకు అంటించియుండుట మేము చూచితిమి.

ఉద్యోగము పోయినచో, ఫిర్యాదునకును తొలగింపునకును సంబంధమున్నదని చూపుటకు తేదీలే ప్రాణము. మార్చిలో మంచి ఉద్యోగినియని మెప్పుపత్రమిచ్చి, మేలో ఫిర్యాదు అందుకొని, జూనులో పనితనము చాలదని మెమో ఇచ్చిన యజమానిని ఆ మూడు కాగితములే ప్రశ్నించును. కనుక పాత అప్రెయిజలు కాగితములు, జీతము పెంచిన ఉత్తరములు, సెల్ ఫోనులో వచ్చిన సందేశములు, ఏ రోజున ఏమి జరిగినదో అదేరోజు తన చేతివ్రాతతో వ్రాసికొన్న పుస్తకము, వీనిని ఇంటియందు భద్రపరచుకొనవలెను. కార్యాలయపు కంప్యూటరులో దాచినవి ఆ కార్యాలయమునుండి బయటపడిన నాడు అందవు. అట్లని సంస్థకు చెందిన రహస్యపత్రములను ఇంటికి తెచ్చుకొనరాదు. అది యజమానికి చేతికిచ్చిన కర్ర యగును. ఫిర్యాదును ఆరు ప్రతులుగా ఇయ్యవలెనని నియమము. ఏడవ ప్రతిపై అందినట్లు సంతకమును, తేదీని తీసికొని తమవద్ద ఉంచుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, గదిలోనికి పిలిచి అప్పటికప్పుడు రాజీనామా వ్రాయుమన్నచో వ్రాయరాదు. “ఇంటికి వెళ్ళి ఆలోచించుకొని రేపు చెబుతానండి” అని లేచి రావచ్చును. రాజీనామాపై చేసిన సంతకమును తరువాత బలవంతపు సంతకమని నిరూపించుట మిక్కిలి కష్టము.

కమిటీ నివేదిక విషయమునగాని, దాని సిఫారసులను అమలు జరుపకుండుట విషయమునగాని 90 దినములలోపల అప్పీలు చేయవచ్చును. తొలగింపు విషయమున, కార్మికుల నిర్వచనముక్రిందికి వచ్చువారికి వేరుమార్గము కూడ కలదు. ఇదివరకు 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము ఈ పనిచేయుచుండెను. 2025 నవంబరు 21వ తేదీనుండి దానిస్థానమున 2020 నాటి పారిశ్రామిక సంబంధముల కోడ్ వచ్చినది. ముందు రాజీ అధికారి యొద్దకు, అక్కడ తేలకున్న ట్రిబ్యునలుకు పోవచ్చును. మేనేజరు హోదాలో నున్నవారికిని, పర్యవేక్షణ చేయుచు నెలకు 18,000 రూపాయలకు మించి జీతము తెచ్చుకొనువారికిని ఈ మార్గము లేదు. సాఫ్టువేరు సంస్థలు ప్రతివారికి ఏదో యొక మేనేజరు పేరు తగిలించుట ఈ సందర్భమున గుర్తుకు వచ్చుచున్నది; పేరు కాదు, చేయుపని ఏదియో చూడవలెనని కోర్టులు పలుమారులు చెప్పినవి. నేరముగా పరిగణింపదగిన ప్రవర్తన యైనచో, కమిటీతో నిమిత్తము లేక, భారతీయ న్యాయసంహిత 75వ సెక్షను క్రింద పోలీసులకును ఫిర్యాదు ఇయ్యవచ్చును.

సముద్రములు దాటి వెళ్ళిన మన తెలుగుబిడ్డల సంగతి కూడ ఒక మాట. అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టము, ఫిర్యాదు చేసినందులకు పగతీర్చుకొనరాదని సూటిగా చెప్పుచున్నది. కొన్నేండ్లుగా అచ్చటి సమాన ఉద్యోగావకాశముల కమిషనుకు చేరు ఫిర్యాదులలో అన్నిటికంటె ఎక్కువగా కనబడు ఆరోపణ ఇదియే. మెంఫిస్ నగరమున రైల్వేలో ఫోర్కులిఫ్టు నడపుచుండిన ఒక మహిళ, వేధింపుపై ఫిర్యాదు చేయగా ఆమెను పట్టాలవెంబడి మోటుపనికి మార్చిరి. తరువాత 37 దినములు జీతములేకుండ సస్పెండు చేసిరి. పిదప ఆ జీతమంతయు తిరిగి ఇచ్చితిమిగదా, నష్టమేమున్నదని యజమాని వాదించెను. 2006లో అమెరికా సుప్రీంకోర్టు అందులకు ఒప్పుకొనలేదు. సామాన్యమైన మనిషిని ఫిర్యాదు చేయకుండ వెనుకకు లాగగల చర్య యేదైనను పగతీర్చుకొనుటయే యని చెప్పెను. జీతములేని 37 దినములు ఇల్లెట్లు గడచెనో న్యాయమూర్తులు ఆలోచించిరి. ఇంత చక్కని కొలబద్ద మన చట్టమునకు కూడ ఉన్న బాగుండునని మాకు తోచుచున్నది. కాని హెచ్-1బి వీసాపై నున్న మన అమ్మాయికి ఆ చట్టమెంత గట్టిదైనను మనసులో మెదలునది వేరొక లెక్క. ఉద్యోగము పోయినచో గరిష్ఠముగా 60 దినములలో మరియొక యజమానిని వెదకుకొనవలెను, లేదా ప్రయాణమునకు సామాను సర్దుకొనవలెను. తల్లిదండ్రులకు ఫోనులో అంతయు బాగున్నదని చెప్పెడి ఆ గొంతులో ఈ లెక్క దాగియుండవచ్చును.

పట్టణపు బట్టల దుకాణములలో దినమంతయు నిలువుకాళ్ళపై పనిచేయు ఆడపిల్లలకు, చిన్న ఆసుపత్రులలోని ఆయాలకు, ఇంటిపనులు చేయువారికి ఈ కోర్టులు, కోడ్‌లు చాల దూరము. పదిమందికి తక్కువైనచోట, లేదా యజమానియే నిందితుడైనచోట, ఫిర్యాదు జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఇయ్యవలెను. చట్టము వచ్చిన పదునొకండేండ్ల తరువాత కూడ చాలచోట్ల ఇవి పేరునకే ఉండుటచే, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి జిల్లాకు అధికారిని నియమింపుమనియు, 2025 జనవరి 31 నాటికి స్థానిక కమిటీల నేర్పరుపుమనియు ఆదేశించెను. మీ జిల్లాలో ఆ కమిటీ ఎవరో కలెక్టరు కార్యాలయమున అడుగవచ్చును. అడుగువారు లేనందువలననే కొన్ని కమిటీల పేర్లు బీరువాలలో ఉండిపోయినవని మా అనుమానము. కేంద్రప్రభుత్వపు షీ-బాక్స్ అను ఏర్పాటుద్వారా ఇంటినుండియే ఫిర్యాదు పంపుకొను వీలు కూడ కలదు.

ఇంతవరకు విన్న యజమాని యెవరైనను, ఫిర్యాదు చేసిన ఉద్యోగినిని ఇక ఎన్నటికిని తొలగింపరాదా యని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఫిర్యాదు ఉద్యోగమునకు శాశ్వత కవచము కాదు. పని చేయనివారిని ప్రశ్నించుటకు యజమానికి హక్కున్నది. అయితే ఆ లోపము ఫిర్యాదునకు ముందే కాగితములపై ఉన్నదా, అదే లోపమునకు మరియొకరిని కూడ అట్లే తొలగించినారా, నిర్ణయము చేసినది నిందితుడా లేక వేరొకరా అను మూడు ప్రశ్నలకు నిబ్బరముగా సమాధానము చెప్పగల యజమానికి భయములేదు.

చివరకు సాక్షుల మాట. మేము పట్టిక వ్రాసిన సంగతి చెప్పితిమి గదా. ఐదారేండ్ల తరువాత ఒకనాడు సికింద్రాబాదు రైల్వేస్టేషనులో ఆ యువతి కనబడెను. ఒక పాఠశాలలో తెలుగు చెప్పుచున్నదట. పలుకరింపుల పిమ్మట, ఆ పట్టికలో పేరు తీసివేసినది మేమేనని చెప్పితిమి. ఆమెకు తెలిసియే యుండెను. “అప్పుడు మీరు అడిగినా నన్ను మళ్ళీ పిలిచేవాళ్ళు కాదులెండి. కాని ఒక్కరైనా అడిగారని నాకు తెలిసుంటే, ఆ ఆరునెలలు నాదే తప్పేమో అనుకుంటూ కూర్చునేదాన్ని కాదు” అన్నది. మాకు సమాధానము దొరకలేదు. ఇంతలో ఆమె బండి వచ్చినట్లు మైకులో చెప్పిరి.

ఇప్పుడు మేము పనిచేయుచోట, పూటలెక్కన వచ్చువారి పట్టికలో ఎవరి పేరైనను తగ్గినచో అందుకు కారణమును ప్రక్క గడిలో వ్రాయవలెనని ఏర్పాటు చేసికొంటిమి. ప్రతినెల ఈ గడి నింపుటకు ఇరువది నిమిషములు అదనముగా పట్టుచున్నది. కొందరు విసుగుకొనుచున్నారు. గతనెలలో ఒక పేరెదుట ఆ గడి ఖాళీగా వచ్చినది. పట్టికను వెనుకకు పంపితిమి.